అప్‌డేట్: కుక్కతో యూటా క్యాంపింగ్

అమెరికాలోని యూటాలో జయాన్, ఆర్చెస్ నేషనల్ పార్కుల వైపు కుక్కతో క్యాంపింగ్‌కి వెళ్తే దాన్ని ఎక్కడ తిప్పొచ్చని అడిగాను కదా, వెళ్లొచ్చాం. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

జయాన్‌లో కుక్కల్ని రానిచ్చే ట్రెయిల్ (నడకదారి) పారస్ ఒక్కటే. షటిల్ బస్సు ఎక్కనివ్వరు. బ్రైస్ కాన్యన్ నేషనల్ పార్కులో సన్‌సెట్ పాయింట్ నుంచి సన్‌రైజ్ పాయింట్ దాకా రిమ్ (లోయ అంచు) మీద నడిపించాం. ఆర్చెస్‌లో ఏ ట్రెయిల్ మీదికీ రానివ్వరు కాబట్టి డెలికేట్ ఆర్చ్ అనే రాతి తోరణం దగ్గరికి నేనూ మా ఆవిడా వంతులేసుకుని వెళ్లాం.

అసలు మజా పార్కుల బయటే! మోయాబ్ ఊరి దగ్గర గ్రాండ్‌స్టాఫ్ కాన్యన్‌లో వాగు పారుతుంటుంది, మా బ్రూనో అందులోంచి బయటికి రానంటే రానంది. అక్కడ పాయిజన్ ఐవీ (తాకితే దురద పెట్టే మొక్క) ఉంటుంది, చూసుకుని నడవాలి. డెడ్ హార్స్ పాయింట్ స్టేట్ పార్కులో హైకింగ్ ట్రెయిల్స్ మీద కుక్కని తీసుకెళ్లొచ్చు. కింద కొలరాడో నది వంపు తిరిగే చోటు అక్కణ్ణుంచి చూడాల్సిందే. సైకిల్ ట్రెయిల్స్‌కి మాత్రం కుక్కల్ని రానివ్వరు.

కుక్కకి బూట్లు కొనమన్నారుగా, కొన్నాం. రెండు నిమిషాల్లో పీకి పారేసింది. మధ్యాహ్నం రాయి కాలిపోతుంది కాబట్టి పొద్దున్నే, సాయంత్రం పూటే తిప్పాం. లీష్ (కుక్కని పట్టుకునే తాడు) 6 అడుగులు దాటకూడదు.

ఈసారి గ్రాండ్ కాన్యన్ అనుకుంటున్నాం. సౌత్ రిమ్‌లో కుక్కల్ని ఉంచే కెనెల్ ఉంది కదా, ఎవరైనా వాడారా?