పర్సులో మాత్ర లేకపోతే బస్సెక్కలేను: నాకు నయమైనట్టా, కానట్టా?

గోదారిగట్టు:
రెండేళ్ళ కిందట కాకినాడ బస్సులో మొదటిసారి వచ్చింది. గుండె దడదడ, వేళ్ళు తిమ్మిర్లు, ఊపిరి అందక ఇక పోయాననుకున్నా. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ మామూలే. పానిక్ అటాక్ అన్నారు. ఎస్సిటలోప్రామ్ ఏడాది వాడి, డాక్టరు చెప్పినట్టే మెల్లగా తగ్గించి ఆపేశాను. ఆపి ఏడు నెలలు. కానీ మొదట్లో అవసరానికని రాసిన క్లోనజెపామ్ మాత్ర ఒకటి ఇప్పటికీ పర్సులో ఉంది. వేసుకోను. అది ఉంటేనే బస్సెక్కుతాను. సైకాలజిస్టు దాన్ని ఇంట్లో వదిలి వెళ్ళమంటున్నారు. మా ఆవిడ ఉంచుకోమంటోంది. మీరేమంటారు?

మెట్టవేదాంతి:
పారేయండి. ఈ మందులన్నీ నిద్రమాత్రలే, పేర్లు వేరు. నేను పొద్దున్నే అరగంట ప్రాణాయామం చేస్తా. పదిహేనేళ్ళుగా ఒక్క టెన్షన్ లేదు.

రాత్రిడ్యూటీ:
నర్సుగా చెప్తున్నా, రెండూ ఒకటి కావు. ఎస్సిటలోప్రామ్ పని చూపించడానికే కొన్ని వారాలు పడుతుంది, అది నిద్రమాత్ర కాదు. క్లోనజెపామ్ తొందరగా పనిచేస్తుంది, రోజూ వాడితే అలవాటు పడేది అదే. ఇక పర్సు సంగతి. అటాక్ సాధారణంగా పది నిమిషాల్లోపే బాగా పెరిగి, ఆ తర్వాత దానంతటదే దిగుతుంది. ఆ తిమ్మిర్లు కూడా గబగబా ఊపిరి తీయడం వల్ల ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వచ్చేవే. తగ్గేది దానంతటదే అయినా, మీ మనసు ఆ పుణ్యమంతా పర్సుకి కట్టబెడుతోంది. సైకాలజిస్టు మాటే సరి.

ఖమ్మంకారం:
ఎక్స్‌పైరీ చూశారా అన్నా?

మెట్టవేదాంతి:
అలవాటు పడేది అదేనని మేడమ్ ఒప్పుకున్నారుగా. మరి నేనన్నదాంట్లో తప్పేంటి?

రాత్రిడ్యూటీ:
"అన్నీ" అన్నారు. అదే తప్పు.

మెట్టవేదాంతి:
ఒక్క మాట పట్టుకుని వేలాడకండి.

గోదారిగట్టు:
ఇప్పుడే చూశా. మార్చిలోనే గడువు అయిపోయింది. నాలుగు నెలలుగా చెల్లని మాత్రని మోస్తున్నా.

ఖమ్మంకారం:
మాత్ర కాదన్నా అది, తాయెత్తు.

పాలకొల్లుపిల్ల:
తాయెత్తయితే ఏం? మా అత్తగారు ఆంజనేయస్వామి సింధూరం పెట్టుకోకుండా గడప దాటరు. ఆవిడని ఎవరూ జబ్బుమనిషి అనరే. ఆయన రోజూ ఉద్యోగానికి వెళ్ళొస్తున్నారు, చాలదా?

రాత్రిడ్యూటీ:
పర్సు మర్చిపోయిన రోజో? నయమవడమంటే అటాక్ ఇక ఎప్పటికీ రాకపోవడం కాదండీ. వస్తే రానీ, దిగిపోకుండా ఇక్కడే కూర్చుంటాను అనగలగాలి. కొందరు సైకాలజిస్టులు కావాలనే మెట్లెక్కించి, కుర్చీలో గిరగిరా తిప్పి మరీ ఆ దడని అలవాటు చేయిస్తారు.

మెట్టవేదాంతి:
వస్తే రానీ అనేదానికి ఫీజు కూడానా? మనసు గట్టిగా ఉన్నవాడికి ఇవేవీ రావు.

గోదారిగట్టు:
నాన్న పోయినప్పుడు అప్పులు తీర్చి, చెల్లి పెళ్ళి చేసినవాణ్ణి నేను. బస్సులో మాత్రమే వణుకుతాను. నా మనసుకి సర్టిఫికెట్ ఇవ్వడానికి మీరెవరండీ?

మెట్టవేదాంతి:
కోపమెందుకు? మా ఇంట్లో చూశాను కనుక చెప్తున్నా. హైదరాబాద్‌లో మా తమ్ముడు, డాక్టరు దగ్గరికి వెళ్తే ఎర్రగడ్డ కేసంటారని భయపడి, ఎప్పటిదో పాత చీటీ పట్టుకుని వీధి చివర షాపులో ఆరేళ్ళు కొనుక్కున్నాడు. రోజూ మింగేవాడు. మీ క్లోనజెపామే. ఒకసారి వెళ్ళినప్పుడు నేనే ఆ స్ట్రిప్పులన్నీ లాక్కుని మురిక్కాలవలో పడేశా. మూడో రోజు ఫిట్స్ వచ్చాయి. చూశారా మందు చేసిన పని?

రాత్రిడ్యూటీ:
అన్నేళ్ళు రోజూ వాడింది ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు సార్. డాక్టరు చూస్తూ కొద్దికొద్దిగా తగ్గించాలి.

మెట్టవేదాంతి:
అంటే నావల్లే అంటారు.

మెట్టవేదాంతి:
మాట్లాడరేం మేడమ్?

రాత్రిడ్యూటీ:
డ్యూటీలో ఉన్నా. మీకు తెలియక చేశారు. తెలిసీ అమ్మింది ఆ షాపువాడు. తమ్ముడిప్పుడు ఎలా ఉన్నారు?

మెట్టవేదాంతి:
బాగానే ఉన్నాడట. నాతో మాట్లాడడు.

ఖమ్మంకారం:
టెలిమానస్ 14416, మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఎవరికైనా పనికొస్తుందని పెడుతున్నా.

పాలకొల్లుపిల్ల:
అన్నయ్యా, వదిన ఎందుకు ఉంచుకోమంటోందో అడిగారా?

గోదారిగట్టు:
ఈ రెండేళ్ళలో అడగలేదమ్మా, నిన్న రాత్రే అడిగాను. మొదటిసారి వచ్చినప్పుడు పక్క సీట్లో తనే ఉంది. బస్సాపి దించేశారు. ఒక చేత్తో పాపని, ఇంకో చేత్తో నన్ను పట్టుకుని కాలవగట్టు మీద ఆటో కోసం నిలబడింది. మళ్ళీ అలా నిలబడడం తన వల్ల కాదంది. నేను చచ్చిపోతున్నానని నాకెంత అనిపించిందో, తనకీ అంతే అనిపించిందట. ఈసారి సైకాలజిస్టు దగ్గరికి తననీ తీసుకెళ్తాను.

గోదారిగట్టు:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నా. మా ఆవిడతో చెప్పి, మాత్ర ఇంట్లో పెట్టి బస్సెక్కాను. అనపర్తిలో దిగిపోయాను. పావుగంట బల్ల మీద కూర్చుని ఇంకో బస్సెక్కా.

మెట్టవేదాంతి:
ఏ బస్సు? రాజమండ్రిదా?

గోదారిగట్టు:
కాకినాడదే. ఆఫీసుకి లేటు, సగం రోజు సెలవు పోయింది.