నాన్నగారి ట్రంకుపెట్టె: వెల్లింగ్టన్ నుంచి జాఫ్నా దాకా ఆయన దారి ఎలా రాయాలి?

ప్రశ్న (ముమ్మిడివరం దగ్గరి పల్లె నుంచి):

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1983లో మద్రాస్ రెజిమెంట్‌లో సిపాయిగా చేరి, పదిహేనేళ్ళ సర్వీసు పూర్తిచేసుకుని 1998లో పింఛనుతో ఇంటికి వచ్చారు. గత కార్తీకంలో కాలం చేశారు. సంవత్సరీకానికి బంధువులంతా చేరేలోగా ఆయన మిలటరీ జీవితం గురించి పది పేజీలైనా రాసి పిల్లల చేతుల్లో పెట్టాలని నా కోరిక.

ఆయన నల్ల ట్రంకుపెట్టెలో డిశ్చార్జి బుక్కు, శ్రీలంక అని రాసి ఉన్న ఒక పతకం, కొన్ని ఇన్‌లాండ్ ఉత్తరాలు ఉన్నాయి. 1986 ఆగస్టు వరదలో మా ఇంట్లోకి నడుములోతు నీళ్ళు రావడంతో అంతకు ముందు ఆయన రాసిన ఉత్తరాలన్నీ పోయాయట. అందువల్ల శిక్షణ రోజుల గురించి మా దగ్గర ఒక్క ముక్క కూడా లేదు. శ్రీలంక గురించి అడిగితే ఆయన నవ్వి లేచి వెళ్ళిపోయేవారే తప్ప ఏనాడూ చెప్పలేదు. ఆ కాలంలో పనిచేసినవారు ఎవరైనా ఆ దారి ఎలా ఉండేదో చెప్పగలరా?

మొదటి సమాధానం (మాజీ హవల్దార్, రాజోలు వైపు):

అమ్మా, నేను మీ నాన్నగారి రెజిమెంట్ వాణ్ణే, ఆయనకంటే రెండేళ్ళు ముందు చేరాను. ఆయనను ఎరిగినట్టు గుర్తులేదు గాని, దారి మాత్రం అందరిదీ ఒకటే.

అప్పటికి ఎదుర్లంక వంతెన లేదు కాబట్టి మీ వైపు కుర్రాళ్ళు పంటు మీద గౌతమి దాటి యానాం, అక్కడి నుంచి కాకినాడ చేరి, సామర్లకోటలో మద్రాసు బండి ఎక్కేవారు. మద్రాసు నుంచి రాత్రి రైల్లో మేట్టుపాళయం, ఆపైన పళ్ళచక్రంతో కొండెక్కే చిన్న రైలు. మన రెజిమెంట్ శిక్షణ కేంద్రం ఉన్న వెల్లింగ్టన్ ఆరువేల అడుగుల ఎత్తున నీలగిరుల్లో ఉంటుంది. ధనుర్మాసపు మంచు తప్ప వేరే చలి ఎరగని మన గోదావరి లంకల కుర్రాళ్ళకు అక్కడ మొదటి వారంలోనే పెదవులు పగిలి రక్తం వచ్చేది.

తెల్లవారకముందే ఫాలిన్ (వరుసలో నిలబడటం), పరుగు, డ్రిల్లు, ఆపైన రైఫిలు. శిక్షణ ఇచ్చే ఉస్తాదులు ఆజ్ఞలన్నీ హిందీలో ఇచ్చేవారు, బ్యారక్‌లో పక్క మంచాల వాళ్ళేమో తమిళులు, మలయాళీలు. దాంతో మనవాళ్ళకు హిందీకంటే ముందు తమిళం పట్టుబడేది. ఇస్త్రీ పెట్టెలు ఎక్కడివి? ప్యాంటును కొంచెం తడిపి, మడత సరిచేసి పరుపు కింద పరిచి దాని మీదే పడుకునేవాళ్ళం. కాస్త అటూ ఇటూ దొర్లితే మర్నాడు పరేడ్ గ్రౌండులో దొరికిపోయేవాళ్ళం, ఇక రగడా, అంటే ఒళ్ళు హూనమయ్యే శిక్ష, తప్పేది కాదు. బాయ్‌నెట్ శిక్షణలో గడ్డిబొమ్మ మీదికి దూకుతూ "వీర మద్రాసి, అడి కొల్లు, అడి కొల్లు" అని అరిచిన అరుపు మీ నాన్నగారు కూడా అరిచే ఉంటారు. చివర ప్రమాణం చేయించే కసం పరేడ్ అయ్యాక రంగ్రూట్ (కొత్తగా చేరినవాడు) సిపాయి అవుతాడు.

శ్రీలంక సంగతి. 1987 జూలై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. మర్నాటి నుంచే మన దళాలు జాఫ్నా దగ్గరి పలాలీ విమానాశ్రయంలో దిగాయి. మేము వెళ్ళింది తమిళ మిలిటెంట్ల ఆయుధాల అప్పగింత చూడటానికే, అక్కడి తమిళులు మొదట్లో దండలు వేసి పిలిచారు. అక్టోబరు 10 తర్వాత అదే జాఫ్నా సందుల్లో ఆ మిలిటెంట్లలో ఒక వర్గమైన ఎల్‌టీటీఈ (తమిళ పులులు)తో యుద్ధం చేశాం. వాళ్ళ చేతుల్లో ఏకే-47లు, మా చేతుల్లో నొక్కినప్పుడల్లా ఒక్క గుండే పేలే ఎస్ఎల్ఆర్ రైఫిళ్ళు. మందుపాతరల భయంతో రోడ్డు వదిలేసి తాటాకు దడుల వెంబడి నడిచేవాళ్ళం. ఆ తాటితోపులు, ఆ దడులు, ఇంటి వెనక నుయ్యి చూస్తే మన ఊళ్ళోనే తుపాకి పట్టుకుని తిరుగుతున్నట్టు ఉండేది. తమిళం వచ్చినవాణ్ణి కాబట్టి సోదాల్లో ఇళ్ళవాళ్ళతో మాట్లాడే పని నాకు పడేది. ముసలమ్మలు అడిగే ప్రశ్నలు వేరేవాళ్ళకు అర్థమయ్యేవి కావు, నాకు అర్థమయ్యేవి. మీ నాన్నగారికీ తమిళం వస్తే, ఆయన లేచి వెళ్ళిపోవడానికి కారణం అక్కడ వెతకండి.

రెండో సమాధానం (మాజీ సైనికుని కుమారుడు, మాధవరం):

తాడేపల్లిగూడెం దగ్గరి మా ఊరిని చుట్టుపక్కల అందరూ మిలటరీ మాధవరం అంటారు కాబట్టి ఇలాంటి పెట్టెలు చాలానే చూశాను. ముందు పతకం అంచును భూతద్దంతో చూడండి, నంబరు, పేరు చెక్కి ఉండాలి. అది విదేశ్ సేవా మెడల్ అయి ఉంటుంది. ఉత్తరాల మీద పంపినవారి చిరునామాలో ఊరి పేరు ఉండదు, కేరాఫ్ 56 ఏపీఓ అనో 99 ఏపీఓ అనో (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు) ఉంటుంది. అందుచేత తేదీల ప్రకారం పేర్చి డిశ్చార్జి బుక్కుతో సరిచూసుకోండి. మిగిలిన వివరాలకు మీ అమ్మగారి పేరున, సర్వీసు నంబరు వేసి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా వెల్లింగ్టన్‌లోని రికార్డ్ ఆఫీసుకు రాయించండి.

విషయం కాకపోయినా ఒక మాట. ఆ బుక్కులో మీ అమ్మగారి పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో ఇప్పుడే చూడండి. మా అమ్మ పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నందుకు ఒక కార్యాలయం చుట్టూ ఎనిమిది నెలలు తిరిగాం.

మూడో సమాధానం (చరిత్ర అధ్యాపకుడు, భీమవరం):

పై వివరాలకు ఒకటి కలపాలి. శ్రీలంకలో దాదాపు 1,200 మంది మన సైనికులు చనిపోయారు. 1990 మార్చి 24న చివరి దళాలు ట్రింకోమలిలో ఓడ ఎక్కి మద్రాసు చేరినప్పుడు అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్ళలేదు. కార్గిల్ నుంచి వచ్చినవారికి దొరికిన ఊరేగింపు వీరికి దొరకలేదు. పిల్లల కోసం రాస్తున్నారని దీన్ని విజయగాథగా మార్చవద్దని నా మనవి.

ప్రశ్న అడిగినవారు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. పతకం అంచు మీద ఉన్న నంబరు, ట్రంకుపెట్టె మీద తెల్లరంగుతో రాసిన నంబరు ఒకటే. అమ్మ పేరు సరిగానే ఉంది. హవల్దార్ గారూ, నాన్నగారికి తమిళం బాగా వచ్చు. మా ఊరికి చీరలు అమ్మడానికి వచ్చే తమిళాయన నాన్నగారితోనే బేరమాడేవాడు.

ఉత్తరాలు పేర్చి చూశాను. యుద్ధం మాట ఒక్కదానిలోనూ లేదు. 1988 జూన్‌లో రాసినదానిలో, కాలవకు నీళ్ళు వదిలారా, ఆకుమడి పోశారా, పంటు రేవులో ఈసారైనా కొత్త పంటు వేశారా అని మాత్రమే అడిగారు. దాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఎత్తి రాస్తున్నాను. దరఖాస్తు అమ్మ సంతకంతో సోమవారం కాకినాడ తీసుకువెళ్తున్నాను.