కొత్త కల్వర్టులో చేపలు ఎదురెక్కాలంటే ఇంజినీరుని ఏం అడగాలి?

అందరికీ నమస్కారం. మాది ములుగు జిల్లా. మా ఊరి వాగు మీద పాత పైపుల కల్వర్టు తీసేసి కొత్తది కడతారట. తొలకరి వరదకి పరకలు, జెల్లలు గుడ్లు పెట్టడానికి వాగులో ఎదురెక్కుతాయి. కానీ పైపు చివర నీళ్లు మోకాలెత్తు నుంచి పడీ పడీ కింద పెద్ద గుంత అయ్యింది. చేపలన్నీ అక్కడే ఆగిపోతాయి, జనం బుట్టలతో ఎత్తుకుపోతారు. గుడ్లతో ఉన్న చేపల్ని అలా చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో సాల్మన్ చేపల దారికి అడ్డమైన కల్వర్టులు మార్చాలని 2013లో కోర్టు ఆదేశించింది. 2018లో అమెరికా సుప్రీంకోర్టులోనూ ఆ తీర్పే నిలిచింది. అక్కడ కల్వర్టుని వాగు కన్నా వెడల్పుగా కట్టి, అడుగుని వాగు మట్టం కన్నా కిందికి దించి, లోపల రాళ్లూ ఇసుకా ఉండేలా చూస్తారు. మన పరకలు సాల్మన్‌లా ఎత్తుకు దూకలేవు, కాబట్టి మనకి ఇది ఇంకా అవసరం అనిపిస్తుంది.

కొత్తగా కట్టే బాక్స్ కల్వర్టు (పెట్టెలా ఉండే కాంక్రీటు కల్వర్టు) అడుగు ఎంత దించమని ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారిని అడగాలి? వరదకి ఇసుక మేట వేసి పూడిపోతుందా? డిజైన్ మార్చడం కుదరకపోతే, దిగువన బండరాళ్లతో ఏటవాలుగా కట్టినా చేపలు ఎక్కుతాయా? ఇరిగేషన్‌లో, రోడ్ల పనుల్లో అనుభవం ఉన్నవాళ్లు, చేపలు పట్టే అన్నలు దయచేసి చెప్పండి. పని ఇంకా మొదలుకాలేదు.