టూర్ బ్యాండ్‌కి ముందు వాయించే లోకల్ బ్యాండ్‌కి సౌండ్ చెక్ ఇవ్వక్కర్లేదా? (బరంపురం షో)

గంజాం_గిటార్:
మొన్న శనివారం బరంపురంలో బెంగళూరు బ్యాండ్ షో అయింది కదా, గోపాల్‌పూర్ రోడ్డు వైపు హాల్లో, మూడొందల టిక్కెట్టు. ఆళ్ళకి ముందు అరగంట వాయించింది మేమే. రానివాళ్ళ కోసం చెప్తున్నా. ఆళ్ళ వ్యాన్‌లో డ్రమ్ కిట్టు లేదు, మా కిట్టు మీదే ఇద్దరూ వాయించాలని ముందే మాట, అందుకని మధ్యాహ్నమే ఆటోలో వేసుకెళ్ళి బిగించీసాం. ఆళ్ళు భువనేశ్వర్ నుంచి వచ్చేసరికి ఆరు దాటింది. ఏడున్నర దాకా ఆళ్ళ సౌండ్ చెక్కే, అంటే షోకి ముందు మైకులూ వాయిద్యాలూ వాయించి చూసి శబ్దం సరిచేసుకోవడం. ఈలోపు గేటు తీసీసారు, జనం లోపలికొచ్చీసారు, మమ్మల్ని అలాగే ఎక్కించీసారు. మొదటి పాటలో నా గొంతు నాకే వినపళ్ళేదు, రెండో పాటకి మానిటర్ (మా శబ్దం మాకు వినపడ్డానికి స్టేజీ మీద మావైపు తిప్పి పెట్టే స్పీకరు) కూత పెట్టింది. డబ్బులు ఇవ్వలేదు, అది వేరే సంగతి. కిట్టు మాది, ఊరు మాది, మాకు పది నిమిషాలు సౌండ్ చెక్ ఇవ్వడానికి ఏటి కష్టం?

పర్లాకిమిడి_డెస్క్:
తమ్ముడూ, నాది పర్లాకిమిడి, వైజాగ్‌లో లైవ్ సౌండ్ చేస్తాను కాబట్టి చెప్తున్నాను. ఎక్కడికెళ్ళినా పద్ధతి ఇదే. పెద్ద బ్యాండు చెక్ ముందు, ఓపెనింగ్ బ్యాండు చెక్ ఆఖర్న. ఆఖర్న చెక్ చేసినవాళ్ళే మొదట స్టేజీ ఎక్కుతారు, అప్పుడు వాళ్ళ మైకులూ కేబుళ్ళూ మళ్ళీ కదపక్కర్లేదు. టైము తగ్గితే కోత ఆఖరివాళ్ళకే పడుతుంది, అందులో అవమానం ఏమీ లేదు. లైన్ చెక్ మాత్రం ఇచ్చి తీరాలి, ఒక్కో ఛానెల్లో సిగ్నల్ వస్తోందా లేదా చూసుకోవడం, చిన్న పని, అది ఇవ్వకపోతే ఆ ఇంజనీర్ది తప్పు. ఇక కూత సంగతి. సాధారణంగా పెట్టేది ఎస్‌ఎం58 మైకే, అది వెనక నుంచి వచ్చే శబ్దం బాగా తక్కువ పట్టుకుంటుంది, అందుకే మానిటర్‌ని సరిగ్గా మైకు తోక వైపు పెడతారు. సింగర్ మైకు తలని గుప్పిట్లో మూసి పట్టుకుంటే ఆ లాభం పోతుంది, కూత మొదలవుతుంది. మీ సింగర్‌కి చెప్పు.

గంజాం_గిటార్:
సింగర్ నేనే అన్నయ్యా. మైకు స్టాండు మీద ఉంది, నా రెండు చేతులూ గిటారు మీద ఉన్నాయి. గుప్పిట ఎక్కడ మూసాను?

పర్లాకిమిడి_డెస్క్:
అయితే మానిటర్ పక్కకి తిరిగి ఉంటుంది. లేదా ఇంజనీరు గెయిన్, అంటే మైకు సిగ్నల్‌ని పెంచే మోతాదు, ఎక్కువ పెట్టి ఉంటాడు. ఫొటో ఉంటే పెట్టు.

రాయగడ_బస్సు:
నేను రాయగడ నుంచి బస్సెక్కి వచ్చాను. ఏడింటికని పోస్టర్, మొదలైంది ఎనిమిదికి. తిరుగు బస్సు పోయింది. దాని గురించి ఎవరూ మాటాడరేం?

షో_పెట్టేవాడు:
షో పెట్టింది నేనే కాబట్టి నేనే చెప్తాను. హాలు అద్దె, స్పీకర్ల అద్దె, జెనరేటరు, బెంగళూరు వాళ్ళకి రూములు, భోజనం, డీజిలు, ఇవన్నీ గేటు దగ్గర వచ్చిన డబ్బుల్లోంచే పోవాలి. మిగిలింది ఏమీ లేదు, జేబులోంచే పడింది. లోకల్ బ్యాండ్‌కి ఇవ్వనిది అందుకే, ముందే చెప్పాను, ఒప్పుకున్నారు. ఇంకోటి, 2000 నాటి నాయిస్ రూల్స్ ప్రకారం రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరు దాకా స్పీకర్లు వాడకూడదు. మూసి ఉన్న హాలుకి మినహాయింపు ఉంది, కానీ ఏసీ పనిచెయ్యక కిటికీలన్నీ తీసి ఉన్నాయి, చుట్టూ ఇళ్ళు, బేస్ మొత్తం వీధిలోకి పోతోంది. పదింటికి ఆపాలంటే ఎక్కడో కొయ్యాలి కదా, భువనేశ్వర్ నుంచి నూటడెబ్భై కిలోమీటర్లు వ్యాన్‌లో వచ్చినవాళ్ళ టైము కొయ్యనా?

గంజాం_గిటార్:
ఒప్పుకున్నాం బావా, డబ్బులడగట్లేదని ముందే రాసాను. కానీ కిట్టు ఇచ్చేటప్పుడు ఒక మాట ఉంటాది. స్నేరు, సింబల్సు, కిక్ పెడలు ఎవరివి ఆళ్ళే తెచ్చుకోవాలి, టూర్ తిరిగే ఏ డ్రమ్మరుకైనా తెలిసిన మాటే. ఆయన కర్రలు తప్ప ఏటీ తేలేదు. మా క్రాష్ సింబలు (గట్టిగా మోగే పెద్ద కంచు పళ్ళెం) అంచు దగ్గర చిట్లింది, గోరు పెడితే తగులుతోంది, ఆ చీలిక ఆగదు, వాయించే కొద్దీ లోపలికి పాకుతుంది. మా డ్రమ్మరు ట్యూషన్లు చెప్పి కొనుక్కున్న సింబలు అది. క్షమించమని ఒక్క మాట అనలేదు.

పర్లాకిమిడి_డెస్క్:
సింబలు విషయంలో నీవైపే నేను. సౌండ్ చెక్ విషయంలో కాదు. రెండూ కలపకు.

ఇచ్ఛాపురం_మావ:
కిట్టు అద్దెకివ్వాలి, ఊరికే ఇవ్వకూడదు. మా తబలాలు ఇలాగే పోయాయి.

సిల్క్‌సిటీ_శ్రోత:
టిక్కెట్టు కొని ముందు వరసలో నిలబడినదాన్ని, నన్నూ ఒక మాట చెప్పనివ్వండి. చిన్న హాల్లో డ్రమ్స్ శబ్దం తగ్గించే నాబ్ ఉండదు, దాని మీదకి గొంతు లేపాలని చూస్తే కూత వస్తుంది, బెంగళూరు వాళ్ళ పాటల్లో కూడా సగం మాటలు నాకు వినపడలేదు. కాబట్టి సౌండ్ ఇద్దరికీ బాగోలేదు. నా బాధ అది కాదు. గంజాం గిటార్ తమ్ముడూ, పోయినేడు కాలేజీ ఫెస్ట్‌లో మీరు రాసుకున్న తెలుగు పాటలు పాడారు, కళాసీ వీధి మీద రాసింది ఇప్పటికీ నా నోట్లో ఆడుతూంటుంది. మొన్న అన్నీ ఇంగ్లీషు కవర్లే, వేరేవాళ్ళ పాటలే. ఎందుకు? మీ పాటలు వినడానికే మా చెల్లిని కూడా లాక్కొచ్చాను.

గంజాం_గిటార్:
అక్కా, అది నన్ను కాదు, షో పెట్టినవాళ్ళని అడగండి.

షో_పెట్టేవాడు:
అది ఫోన్లో మాట్లాడుకున్నది, ఇక్కడ అక్కర్లేదు.

గంజాం_గిటార్:
అక్కరే. రెండ్రోజుల ముందు ఫోన్ చేసి “తెలుగు వద్దు, ఇంగ్లీషో హిందీయో పాడండి” అన్నావు. సౌండ్ చెక్ ఇవ్వకపోతే ఓర్చుకుంటాను, అది నాకు కొత్త కాదు. పుట్టిన ఊళ్ళో నేను రాసిన పాట పాడొద్దంటే ఓర్చుకోలేను. గేటు దగ్గర నిల్చున్న సగం మంది ఇంటికెళ్తే తెలుగే మాటాడతారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. వీవీ గిరి పుట్టిన ఊరు. బస్టాండులో టీ అడిగేటప్పుడు లేని సిగ్గు స్టేజీ మీద ఎందుకు?

షో_పెట్టేవాడు:
సిగ్గు అని ఎవడన్నాడు? నేనూ తెలుగోణ్ణే. మీకు తెలియనిది చెప్తాను. తెలుగు పాట ఒకటి మొదలైతే వెనక నుంచి సినిమా పాట వెయ్యమని అరుపులు మొదలవుతాయి, ఒకటి వేస్తే ఇంకోటి, ఇక అది పెళ్ళిలో ఆర్కెస్ట్రా అయిపోతుంది. సినిమా పాటంటే ఐపీఆర్‌ఎస్ (పాటలు రాసినవాళ్ళ, బాణీలు కట్టినవాళ్ళ హక్కుల సొసైటీ) లైసెన్సు గొడవ. బయట ఊళ్ళ బ్యాండ్లు ఇక్కడ దిగాలంటే ఇది రాక్ షో అని పేరు రావాలి, లేదంటే భువనేశ్వర్లో వాయించి సరాసరి రాత్రి రైల్లో వైజాగ్ పోతారు, మధ్యలో మనం పట్టాలు చూస్తూ కూర్చోవాలి. దానికోసం నేను ఎంత తిరిగానో నాకు తెలుసు.

గంజాం_గిటార్:
ఐపీఆర్‌ఎస్ పేరు తీస్తున్నావు కాబట్టి చెప్తున్నా. లైసెన్సు కావలసింది ఆ సొసైటీలో ఉన్నవాళ్ళ పాటలకి. మేం పాడిన ఇంగ్లీషు కవర్లకి కావాలి, నేను ఇంట్లో కూర్చుని రాసుకున్న పాటకి అక్కర్లేదు, నేను ఏ సొసైటీలోనూ లేను. లైసెన్సు భయమే నిజమైతే కవర్లు వద్దని, సొంత పాటలు పాడమని చెప్పాల్సింది. నువ్వు చెప్పింది తిరగేసి.

పర్లాకిమిడి_డెస్క్:
ఈ మాట కరెక్టే. కవర్ పాడినా లైసెన్సు కావాలి, లైవ్‌లో వాయించినా సరే.

సిల్క్‌సిటీ_శ్రోత:
రాక్ అంటే ఇంగ్లీషే అని ఎవరు నేర్పారండీ? అవియల్ బ్యాండు మలయాళంలో పాడి దేశమంతా తిరిగింది. ఢిల్లీలో మొదలైన ఇండియన్ ఓషన్ హిందీలో పాడుతూనే ముప్ఫై ఏళ్ళు దాటిపోయింది. బ్లడీవుడ్ వాళ్ళు హిందీ, పంజాబీ కలిపి 2019లో జర్మనీలో వాకెన్ మెటల్ ఫెస్టివల్‌లో వాయించొచ్చారు. అక్కడ ఎవరికి అర్థమైంది? మన ఊళ్ళో అర్థమయ్యే వాళ్ళ ముందు పాడటానికే భయమా?

షో_పెట్టేవాడు:
అక్కా, వాళ్ళ వెనక ఎవరో ఉన్నారు. నా వెనక హాలు ఓనరు ఒక్కడే ఉన్నాడు, భాష పేరు మీద ఏదైనా గొడవయితే మళ్ళీ హాలివ్వనన్నాడు. నాకు పాట ముఖ్యం కాదు అనుకోకండి. హాలు పోతే ఎవరి పాటా ఉండదు.

గంజాం_గిటార్:
మా డ్రమ్మరు ఒడియా. తెలుగు చదవడం రాదు, నా పాటల్లో మాటలన్నీ నోటికి వచ్చు, కోరస్ ఆయనే ఎత్తుకుంటాడు. గొడవ ఎవరు చేస్తారు బావా? ఎప్పుడైనా ఎవరైనా చేసారా, ఒక్కసారి చెప్పు.

షో_పెట్టేవాడు:
చెయ్యలేదు. చేస్తారేమోనని.

రాయగడ_బస్సు:
రాయగడలో పెట్టండి, తెలుగు పాటలకి మేం వస్తాం. సాయంత్రం ఆరింటికి మొదలెట్టండి.

షో_పెట్టేవాడు:
డిసెంబరులో ఇంకో టూర్ బ్యాండు మాటాడుతోంది. మీ బ్యాండునే పెడతాను, లైన్ చెక్ ఖాయం, గేటు మీద మిగిలితే వాటా ఇస్తాను, సింబలు డబ్బు సగం నేను వేసుకుంటాను. కానీ పాటల లిస్టు ముందు నాకు చూపించాలి.

గంజాం_గిటార్:
బెంగళూరు వాళ్ళ లిస్టు అడిగావా?

షో_పెట్టేవాడు:
లేదు.

గంజాం_గిటార్:
అయితే నేనూ చూపించను. ఆరు పాటలు, ఆరూ తెలుగే, ఆరూ మావే. సినిమా పాట ఎవరడిగినా వెయ్యం, ఆ పూచీ నాది. ఒప్పుకుంటే కిట్టు తెస్తాను, లేదంటే వేరే కిట్టు చూసుకో.

పర్లాకిమిడి_డెస్క్:
ఎవరు ఒప్పుకున్నా ఛానెల్ లిస్టు, అంటే ఏ మైకు, ఏ వాయిద్యం ఏ ఛానెల్లోకి వెళ్ళాలో, వారం ముందు ఇంజనీర్‌కి పంపండి. మానిటర్ ఎక్కడ పెట్టాలో కూడా అందులోనే రాయండి.