చిల్ల చెట్లు కోసే పెట్రోల్ రంపం ఎదురు తంతోంది, పొగ వస్తోంది: ఏం చేయాలి?

ప్రశ్న (కొండపి రైతు)

అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లా కొండపి దగ్గర పల్లె. వర్జీనియా పొగాకు వేస్తాము. పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గది, అంటే బ్యారన్, దాని కట్టెల ఖర్చు ఏటేటా పెరుగుతూ ఉండడంతో, మా చేల గట్ల మీద గుబురుగా పెరిగిన చిల్ల చెట్లను (సర్కారు తుమ్మ) మేమే కోసుకుందామని 58 సీసీ ఇంజను, 22 అంగుళాల బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి పలక) ఉన్న పెట్రోల్ రంపం కొన్నాను. మొదటి వారం వెన్న కోసినట్టు కోసింది. ఇప్పుడు ఎంత బలంగా అదిమినా దిగడం లేదు, కోత ఎడమ పక్కకు వంకరగా పోతోంది, బార్ దగ్గర పొగ కూడా వస్తోంది. యాక్సిలరేటర్ వదిలేసినా చైన్ మెల్లగా తిరుగుతూనే ఉంటోంది. వీటన్నిటికంటే నన్ను భయపెట్టింది మొన్నటి సంగతి. దుబ్బు మొదట్లో ఒక కొమ్మ కోస్తుండగా మిషన్ ఉన్నట్టుండి పైకి ఎగిరి, బార్ నా ముఖానికి జానెడు దూరంలోకి వచ్చి ఆగింది. ఆ రోజు నుంచి మా అమ్మ దాన్ని ముట్టుకోనివ్వడం లేదు. లోపం మిషన్‌లో ఉందా, నేను పట్టుకునే తీరులో ఉందా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1 (అల్లూరు, సరుగుడు కోత పని)

తమ్ముడూ, మీ అమ్మగారు చేసిన పని సరైనదే. నేను సముద్రం పక్క సరుగుడు తోటల్లో పధ్నాలుగేళ్లుగా ఈ మిషన్‌తోనే బతుకుతున్నాను కాబట్టి, నాకు తెలిసినంతవరకు ఒక్కొక్కటే చెబుతాను.

ముందు ఆ ఎగరడం గురించి. బార్ కొసలో పై సగం ఏ గట్టి వస్తువుకు తగిలినా, తిరుగుతున్న చైన్ అక్కడ పట్టుకుని మొత్తం బార్‌ను పైకి, మన వైపుకు విసిరేస్తుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. రెప్ప వేసే లోపల జరిగిపోతుంది కాబట్టి చూసి తప్పుకుందామనుకోవడం కుదరదు. సరుగుడు ఒంటి మాను, దాని వెనక ఏముందో కనిపిస్తుంది. చిల్ల అలా కాదు. ఒకే మొదలు నుంచి ఆరేడు కాండాలు లేస్తాయి, మీరు ముందున్న కాండాన్ని కోస్తుంటే కంటికి కనపడని వెనక కాండానికి బార్ కొస తగులుతుంది. మీకు జరిగింది అదేనని నా నమ్మకం. అందుకే ముందు కొడవలితోనో గొడ్డలితోనో చుట్టూ ఉన్న సన్న కంప తీసేసి, కొస ఎక్కడికి పోతుందో చూసుకున్నాకే కోత మొదలుపెట్టాలి. ముందు పిడిని ఎడమ చేతి బొటనవేలు కిందుగా చుట్టి పట్టుకోవాలి, మోచేయి వంచకూడదు, తల ఎప్పుడూ బార్ గీతకు ఎదురుగా ఉండకుండా దానికి ఎడమ పక్కన ఉండాలి. బ్రేకు పని చేస్తోందో లేదో రోజూ పని మొదలుపెట్టే ముందు చూసుకోవాలి. ముందు పిడి దగ్గరున్న ఆ అడ్డ పట్టీని ముందుకు తోస్తే చైన్ వెంటనే ఆగాలి.

ఇక కోత దిగకపోవడం. పొట్టును అరచేతిలో పోసుకుని చూడండి. పదునున్న చైన్ గోరు వెడల్పు పెచ్చులు విసురుతుంది, మొద్దుబారినది పిండి రాలుస్తుంది. పిండి వస్తోందంటే మీరు బలంతో అదుముతున్నారని అర్థం, అలా అదిమిన చేయి కోత తెగిన క్షణంలో బార్‌తో పాటు ముందుకు పోయి అదుపు తప్పుతుంది. అందుకే మొద్దు చైన్ మిషన్‌ను పాడుచేయడమే కాదు, మనిషిని కూడా ప్రమాదంలోకి నెడుతుందని నేను పనివాళ్లకు పదేపదే చెబుతుంటాను.

కోత వంకరగా పోతోందంటే ఒక పక్క పళ్లు రెండో పక్కకంటే పొట్టిగా ఉన్నాయి. గట్టు మీద చెట్లంటున్నారు, పాత ముళ్ల కంచె తీగో రాయో తగిలి ఉంటుంది. మీ సైజు మిషన్‌కు సాధారణంగా 0.325 అంగుళాల పిచ్ (లింకుల మధ్య ఎడం) ఉన్న చైన్ వస్తుంది, దానికి 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి కావాలి. బార్ మీద చెక్కిన అంకె చూసి నిర్ధారించుకోండి. చేతులకు తోలు తొడుగులు వేసుకుని, చైన్ కదలకుండా బ్రేకు వేసి, అన్నిటికంటే పొట్టిగా అరిగిన పన్ను ఏదో వెతికి, మిగతా పళ్లను దాని పొడవుకు తీసుకురండి. ఆకురాయిని పన్ను లోపలి వైపు నుంచి బయటికి, 30 డిగ్రీల వాలులో నెట్టాలి, వెనక్కి లాగేటప్పుడు రుద్దకూడదు. పొడవులు సమానమయ్యాక ఒక్కో పన్నుకు ఎన్ని నెట్లు నెట్టారో లెక్కపెట్టి అన్నిటికీ అన్నే నెట్టండి. ప్రతి పన్నుకు ముందు చిన్న మూపులాంటిది ఉంటుంది, నాలుగైదు సార్లు పదును పెట్టాక దానినీ కాస్త అరగదీయాలి, కానీ పన్ను కొసకంటే 0.65 మిల్లీమీటర్ల లోతు దాటకూడదు. ఎక్కువ తీస్తే పన్ను కర్రను లోతుగా కరిచి, మళ్లీ మీ మీదికే ఎగురుతుంది.

పొగకు కారణం చైన్‌కు నూనె అందకపోవడం. ఇంజను తిప్పుతూ బార్ కొసను తెల్లటి కాగితం ఎదురుగా, దానికి తగలకుండా పట్టుకుని యాక్సిలరేటర్ పెంచండి. సన్నటి నూనె గీత పడాలి. పడకపోతే ఇంజను ఆపి బార్ ఊడదీసి, దాని గాడినీ నూనె వచ్చే రంధ్రాన్నీ సన్న కమ్మీతో శుభ్రం చేయండి. కాలిన ఇంజను ఆయిల్ మాత్రం పోయవద్దు. అందులో లోహపు పొడి ఉంటుంది, దాని తుంపర మన ఒంటి మీదే పడుతుంది.

యాక్సిలరేటర్ వదిలినా చైన్ తిరుగుతోందంటే స్లో స్క్రూ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజను వేగాన్ని సరిచేసే మర) ఎక్కువ తిప్పి ఉండవచ్చు. తగ్గించినా ఆగకపోతే క్లచ్ స్ప్రింగ్ విరిగినట్టే. అది సరిచేసేదాకా ఆ మిషన్‌తో ఒక్క కొమ్మ కూడా కోయవద్దని ప్రాధేయపడుతున్నాను.

జవాబు 2 (పొదలకూరు, నిమ్మ తోట)

అన్నగారు చెప్పినదానికి ఒక అనుభవం కలుపుతాను. మా తమ్ముడు లుంగీ పైకి కట్టుకుని, నిచ్చెన మీద నిలబడి, భుజం కంటే ఎత్తులో ఉన్న ఎండు నిమ్మ కొమ్మ కోశాడు. తెగిన కొమ్మ నిచ్చెనను కొట్టింది, వాడు తూలాడు, ఇంకా తిరుగుతున్న చైన్ తొడను తాకి పోయింది. తువ్వాలు మడిచి గాయం మీద గట్టిగా అదిమి పట్టి, 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా చేయి తీయకపోవడం వల్ల ప్రాణం నిలిచింది. వాడు ఈనాటికీ కుంటుతూ నడుస్తాడు.

ఈ పనికి ప్రత్యేకంగా దొరికే రక్షణ ప్యాంటులో పొడుగాటి నార పొరలు ఉంటాయి. చైన్ తగలగానే ఆ నార బయటికి వచ్చి చైన్‌ను తిప్పే పళ్ల చక్రానికి (స్ప్రాకెట్) చుట్టుకుని చైన్‌ను బిగించి ఆపుతుంది. ఖరీదైనదే, అయినా మిషన్ కొన్న రోజే కొనవలసిన వస్తువు. ముఖానికి వల లాంటి జాలీ ఉన్న హెల్మెట్, చెవులకు మఫ్‌లు, చిల్ల ముల్లు దిగని గట్టి బూట్లు కూడా కావాలి. స్టార్ట్ చేసేటప్పుడు మిషన్‌ను నేల మీద పెట్టి, వెనక పిడిలో కుడి బూటు దూర్చి, ఎడమ చేత్తో ముందు పిడి అదిమి, బ్రేకు వేసి ఉంచి తాడు లాగాలి. గాలిలో ఊపుతూ లాగడం చాలామంది చేస్తారు, మీరు చేయకండి. ఒంటరిగా కూడా పోకండి.

జవాబు 3 (ఒంగోలు)

పెట్రోల్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రెండు మాటలు. మీ పుస్తకంలో 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అని ఉంటే 40 మిల్లీలీటర్లు 2టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజను ఆయిల్) కలపాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిసిన పెట్రోల్, అది తేమను పీల్చుకుంటుంది, నిల్వ ఉంటే కార్బొరేటర్‌లోని పలుచటి పొరలను గట్టిపరుస్తుంది. బ్యారన్ కట్టెల పని అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అది ఆగేదాకా తిప్పి దాచండి. కలిపిన పెట్రోల్‌ను నెల దాటి వాడవద్దు. వేడి ఇంజనులో పోయవద్దు, పోసిన చోట స్టార్ట్ చేయకుండా కనీసం మూడు మీటర్లు పక్కకు జరగండి.

ప్రశ్నించినవారు మళ్లీ (కొండపి రైతు)

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న బార్ ఊడదీశాను. గాడి నిండా పొట్టు, నూనె కలిసి తారులా గడ్డకట్టింది, నూనె రంధ్రం పూర్తిగా మూసుకుపోయింది. సైకిల్ పుల్లతో గీరి శుభ్రం చేశాక కాగితం మీద గీత పడింది. ఎడమ వరుసలో మూడు పళ్లు దాదాపు సగానికి విరిగి ఉన్నాయి, అన్నిటినీ వాటి పొడవుకు తెస్తే చైన్‌లో ఏమీ మిగలదనిపించి కొత్త చైన్ తెచ్చాను. స్లో స్క్రూ తగ్గించినా చైన్ ఆగలేదు. కవరు విప్పి చూస్తే అన్నగారు చెప్పినట్టే క్లచ్ స్ప్రింగ్ ఒకటి తెగి ఉంది. ఒంగోలులో అది దొరకలేదు, నెల్లూరు నుంచి తెప్పిస్తామన్నారు. అది వచ్చేదాకా మిషన్‌ను మా అమ్మ ధాన్యపు గదిలో పెట్టి తాళం వేసుకుంది, నేను అడగడం లేదు.