అద్దం మార్చాక వైపర్లు వాటంతటవే తిరుగుతున్నాయి

ప్రశ్న: గత వారం కారు ముందు అద్దం మార్పించాను. అప్పటి నుంచి చినుకు లేకపోయినా ఆటో మోడ్‌లో (వాన పడితే వాటంతటవే తిరిగే అమరిక) వైపర్లు తిరుగుతున్నాయి. విజయవాడ ఎండలో పొడి అద్దం మీద రబ్బరు కీచుమంటుంటే ప్రాణం ఉసూరుమంటోంది. వానను పసిగట్టే సెన్సర్ పోయిందా?

జవాబు: సెన్సర్‌ కన్నా ముందు, దాన్ని అద్దానికి అంటించే మెత్తని పారదర్శక జెల్ ప్యాడ్‌ని అనుమానించండి. సెన్సర్ పంపే ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని) కాంతి అద్దంలో 45 డిగ్రీల కోణంలో వెళ్తుంది. బయట పొడిగా ఉంటే మొత్తం వెనక్కి వస్తుంది, గాజుకీ గాలికీ మధ్య హద్దు కోణం (అది దాటితే కాంతి బయటికి పోలేక వెనక్కి తిరుగుతుంది) 42 డిగ్రీలే కదా. నీళ్లుంటే ఆ హద్దు 61కి పెరిగి కాంతి బయటికి జారిపోతుంది. ప్యాడ్‌లో గాలి బుడగ ఉన్నా తిరిగొచ్చే కాంతి తగ్గుతుంది, సెన్సర్ వాన పడుతోందనుకుంటుంది. బయటి నుంచి టార్చ్ వేసి బుడగలున్నాయేమో చూడండి.

ప్రశ్న అడిగినవారు: ఉన్నాయండీ! సరిగ్గా మధ్యలో, కందిగింజంతవి. పాత ప్యాడే మళ్లీ అంటించినట్టున్నారు.

మరో జవాబు: కొత్తది వేయించుకోండి. అప్పటిదాకా ఆటో మోడ్ ఆపేయండి, దుమ్ము మీద తిరిగితే కొత్త అద్దానికి గీతలు పడతాయి.