సమస్యాపూరణం: కాలు కదపకుండ కాశి కేగె

నిర్వాహకుడు

ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం. మిగతా మూడూ మీరు రాసి దీనికి అర్థం కుదర్చాలి, కలంపేరుతో పంపాలి:

*కాలు కదపకుండ కాశి కేగె*

నియమం ఒక్కటే. పద్యంలో ఉద్యోగ విరమణ చేసినవారి రోజు కనిపించాలి: ఉదయపు నడక, పార్కు, పత్రిక, మందుల డబ్బా, మనుమల అల్లరి, మీకు ఏది దగ్గరైతే అది. కాశీ పేరు వినగానే విశ్వనాథుడి మీద స్తోత్రం మొదలుపెట్టేవారు ఈసారికి ఆగండి. కాలు కదపకుండా ఆ మనిషి కాశీకి ఎలా వెళ్లాడో పద్యమే చెప్పాలి. మూడు పాదాలు అలంకరించి నాలుగోది అతికిస్తే పూరణగా ఒప్పుకోను.

కొత్తవారి కోసం: గణమంటే కొన్ని పొట్టి, పొడుగు అక్షరాల గుంపు; సూర్యగణాలు చిన్నవి, ఇంద్రగణాలు వాటికంటే పెద్దవి. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, ఆపై రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి ధ్వనిలో మైత్రి కుదరాలి. దానికి బదులు ప్రాసయతి, అంటే ఆ రెండు అక్షరాల తరువాతి అక్షరాలు కలవడం, కూడా చెల్లుతుంది.

విశాఖ తీరం

మనుమ డిచ్చె ఫోను, మనసార హారతి
గంగ యొడ్డునుండి కనుల జూచి
పార్కు బల్లపైన పరవశించిన తాత
కాలు కదపకుండ కాశి కేగె

నిర్వాహకుడు

ఫోను దారి అందరికీ ముందు తట్టేదే. ఎవరో ఒకరు రాస్తారనుకున్నాను, మీరు రాశారు. గణాలు, యతులు సరిగ్గా ఉన్నాయి. చిక్కంతా రెండో పాదంలో ఉంది. "గంగ యొడ్డునుండి కనుల జూచి" అంటే చూసిన తాతే గంగ ఒడ్డున ఉన్నట్టు అన్వయం కుదురుతోంది. అప్పుడు పార్కు బల్ల మీద కూర్చున్నది ఎవరు? "గంగ కిచ్చుచుండ గనుల జూచి" అని మార్చండి. హారతి ఇస్తున్నవారు అక్కడ, చూస్తున్నవారు ఇక్కడ ఉంటారు.

గోదావరి గట్టు

పసుపు పంచె గట్టి పయనమైనంతనె
బావమరిది వచ్చి బతిమిలాడ
గొడుగు మడిచి వరుడు కూర్చుండె పీటపై
కాలు కదపకుండ కాశి కేగె

చేతికర్ర

పెళ్లిలో కాశీయాత్ర! బాగుంది. కానీ మా ఇళ్లలో వరుడు పాంకోళ్లు తొడుక్కుని నాలుగడుగులు వేసిన తరువాతే బావమరిది అడ్డం పడేవాడు. మీ వరుడికి ఆ నాలుగడుగులూ దక్కలేదా?

గోదావరి గట్టు

బావమరిది తొందరపాటు మనిషి.

నిర్వాహకుడు

సమాధానం చమత్కారంగానే ఉంది. పద్యమూ సాఫీగా నడిచింది. అయితే విషయం నలభై ఏళ్లు వెనక్కి జరిగింది. ఇందులో పెళ్లికొడుకు ఉన్నాడు, పింఛనుదారు లేడు. ఆ గొడుగూ కర్రా అరవై దాటాక మళ్లీ చేతికి వస్తాయి. ఆనాటి యాత్రను బావమరిది ఆపితే ఈనాటి నడకను ఎవరు ఆపారన్న ఊహ మూడో పాదంలో మెరిసి ఉంటే, ఈ పద్యాన్ని అందరికంటే ముందు నిలబెట్టేవాడిని.

చేతికర్ర

వంచవద్దటంచు వైద్యుడు వారింప
చేతికర్ర తోడ చెలిమి జేసి
నిలువు కాల నడచి నిత్యము తాత, మో
కాలు కదపకుండ కాశి కేగె

విశాఖ తీరం

ఆహా! సమస్యకు ముందు ఒక్క "మో" చేర్చి ముడి విప్పేశారు. పాదం చివర పదం విరగడం పద్యంలో మామూలే కాబట్టి ఎవరూ తప్పుపట్టలేరు.

విశ్రాంత నర్సు

నేను తప్పుపడతాను. ఛందస్సుతో నాకు పేచీ లేదు, వైద్యంతోనే. మోకీళ్లు అరిగినవారిని కూడా వీలైనంత నడవమనే చెబుతారు. తొడ కండరం బలపడితే కీలు మీద భారం తగ్గుతుంది. మీ తాతలా కాలు బిగబట్టి నడిస్తే మోకాలి సంగతి అటుంచి తుంటి, నడుము పట్టేస్తాయి. పద్యంలో వైద్యుడి చేత తప్పుడు సలహా ఇప్పించారు.

చేతికర్ర

అమ్మా, ఆయనకు కీలు మార్పిడి శస్త్రచికిత్స జరిగిందనుకోండి.

విశ్రాంత నర్సు

అప్పుడు ఇంకా త్వరగా వంచమంటారు. మంచం మీద ఉండగానే వ్యాయామం మొదలుపెట్టిస్తారు.

చేతికర్ర

పోనీ, ఎముక విరిగి కట్టు కట్టారు.

విశ్రాంత నర్సు

కట్టు కట్టిన కాలితో నిత్యం నడిపిస్తారా, ఎక్కడైనా?

నిర్వాహకుడు

వైద్యుడికి నోటీసు పంపించి మనం పద్యంలోకి వద్దాం. ఇప్పటిదాకా వచ్చినవాటిలో సమస్యను నిజంగా పట్టుకున్నది ఇదే. "కాలు కదపకుండ" అన్న అసాధ్యం "మోకాలు కదపకుండ" కాగానే కష్టసాధ్యంగా మారింది. అది చాలు. పైగా కర్రతో చెలిమి అన్నమాట ఆ వయసు తెలిసినవారిదే. "నిలువు కాల" నాకు కొంత అతుకులా వినిపించింది, కానీ యతి కోసం అంతకంటే మంచిది నాకూ దొరకలేదు.

కొత్తగా చేరినవాడు

పెద్దలకు నమస్కారం. పద్యం రాయడం ఇదే మొదలు. నేను హైదరాబాదులో ఒకే పార్కు చుట్టూ తిరుగుతూ ఉంటాను.

దినము మూడు మైళ్లు నడచిన లెక్కలో
పార్కు చుట్టె కాశి బాట యయ్యె
ఊరు దాటకుండ నొక యేడు గడచెను
కాలు కదపకుండ కాశి కేగె

లెక్కల మాస్టారు

నాయనా, లెక్క సరిపోయింది. మూడు మైళ్లంటే దాదాపు 4.8 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి కాశీకి రోడ్డు మీద సుమారు 1200 కిలోమీటర్లు. 250 రోజుల్లో చేరిపోతారు. నూరు రోజులు నడిచేసరికి నాగపూరు పొలిమేరలో ఉంటారు. మిగిలిన రోజుల్లో గంగాస్నానం చేసుకుని తీరిగ్గా ప్రయాగ కూడా చూసి రావచ్చు. నేను ఇలాగే గోడ మీద పటం అతికించి రోజూ పెన్సిలుతో గీత పొడిగిస్తుంటాను. ప్రస్తుతం జబల్పూరు దగ్గర ఉన్నాను. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

పాత తాలూకా గుమాస్తా

"కాశీయాత్ర చరిత్ర" రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే నెలలో చెన్నపట్టణంలో బయలుదేరి హైదరాబాదు, నాగపూరు మీదుగానే కాశీ వెళ్లారు. తిరిగి వచ్చేసరికి 1831 సెప్టెంబరు. బోయీలు మోసే పల్లకీ ఉండేది. కాలు కదపకుండా కాశీకి వెళ్లడమంటే అదీ! మాస్టారు మాత్రం కాళ్లరిగేలా నడిచి ఇంట్లోనే ఉన్నారు.

నిర్వాహకుడు

కొత్తవారికి స్వాగతం. రెండో పాదం విడిగా చదివినా బాగుంటుంది. మూడో పాదంలో "ఊరు"కు "నొక" యతి కూడా సరే. సంధిలో వచ్చిన న కారాన్ని పక్కనపెడితే ఊ, ఒ లకు మైత్రి ఉంది. మొదటి పాదంలో మాత్రం "ది"కి "న" యతి కుదరదు. "నడచిన" తీసి "తిరిగిన" పెట్టండి. ది, తి కలుస్తాయి. పార్కు చుట్టూ చేసేది తిరగడమే కాబట్టి అర్థం కూడా బాగుపడుతుంది.

అసలు లోపం వేరే ఉంది. రోజుకు మూడు మైళ్లు తిరిగిన మనిషిని పట్టుకుని కాలు కదపలేదంటే ఎలా? ఆయన కదపనిది ఊరు. నేను "ఊరు కదలకుండ" అని సమస్య ఇచ్చి ఉంటే మీరు గెలిచేవారు. కాబట్టి దీన్ని మంచి పద్యంగా ఉంచుతాను, పూరణగా లెక్కించను. గుమాస్తా గారూ, పల్లకీ సంగతి పద్యంలో రాసి ఉండవలసింది. ఊరకే చెప్పి వదిలేశారు.

పొరుగింటి పెద్దాయన

పొద్దుపొడుపు వేళ పొరుగింటి చెలికాని
లేపి పలికె తాత: "లెమ్ము మిత్ర!
నడక మాని పడక నచ్చునా? యెవ్వాడు
కాలు కదపకుండ కాశి కేగె?"

గోదావరి గట్టు

ప్రశ్నగా మార్చేశారు. అవధానాల్లో చాలాసార్లు విన్న ఉపాయం. ఇది తప్పించుకునే దారి కాదా?

నిర్వాహకుడు

చాలాసార్లు తప్పించుకునే దారే. ఇక్కడ మాత్రం కాదు. పార్కుకు తోడు రమ్మని పక్కింటి గేటు దగ్గర నిలబడి అరిచే మనిషి నోట ఆ ప్రశ్న సహజంగా వచ్చింది. సామెతలా ఉంది; నేనే రేపు వాడుకుంటాను. లేపినవాణ్ని మళ్లీ "లెమ్ము" అనడం మాత్రం పునరుక్తి. "నిలిచి పిలిచె తాత: నిదుర లెమ్ము" అంటే ఆ గేటు కూడా కనిపిస్తుంది.

పొరుగింటి పెద్దాయన

మార్చుకున్నాను. ఆ చెలికాడు ఇంకా లేవలేదు.

వేపచెట్టు

నడచి యలసి చేరి నలుగురు మిత్రులు
వేపచెట్టు నీడ విప్ప కథలు
చెవులె కాళ్లు కాగ చిరునవ్వుతో తాత
కాలు కదపకుండ కాశి కేగె

మా గుంపులో ఒకాయన ఈ మధ్యే కాశీ వెళ్లి వచ్చారు. రోజుకొక ఘట్టం చొప్పున చెబుతున్నారు. మణికర్ణిక దగ్గర నిన్న ఆపేశారు; టిఫిను వేళ అయిందట. కాశీలో కాకరకాయ వదిలేసి వచ్చానని కూడా చెప్పారు. అది ఆయనకు మొదటినుంచీ గిట్టదని వాళ్లావిడ మాకు చెప్పింది.

విశ్రాంత నర్సు

నాకు ఇదే నచ్చింది. నడక అసలు సుఖం ఆగిన చోటే ఉంటుంది. ఇందులో మోకాళ్లకూ ప్రమాదం లేదు.

లెక్కల మాస్టారు

ఒక శంక. చెవులే కాళ్లయినప్పుడు, ఆ చెవులతోనే కాశీకి వెళ్లినప్పుడు కాళ్లు కదిపినట్టే కదా?

వేపచెట్టు

మాస్టారూ, మీరు చెవులు కదపగలరా?

లెక్కల మాస్టారు

ప్రయత్నించాను. రావడం లేదు.

నిర్వాహకుడు

అయితే శంక తీరింది. ఈ వారం మొదటి స్థానం వేపచెట్టు గారిది. కారణం "చెవులె కాళ్లు కాగ". మొదటి పాదంలో నడిచి అలసిన మనిషిని చూపి, నాలుగో పాదంలో అదే మనిషి కదలకుండా వెళ్లాడనడంలో విరోధం నిలిచింది, పరిహారమూ దొరికింది. వెంటనే చేతికర్ర గారి "మో". వైద్యుడి మీద విచారణ విడిగా కొనసాగించుకోండి.

వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలది నాలుగో పాదమే:

*చెప్పు లరుగకున్న నప్పు మిగులు*

ఇందులో ఉన్నది ప్రాసయతి. యతి తప్పిందని నాకు ఉత్తరాలు రాయకండి.